రాయచూరు కోట దర్వాజాలు – మన అక్షరాలున్న రాయి

కర్ణాటకలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు నేత కుటుంబాలకు రాయచూరు పరాయి ఊరేమీ కాదు. 1956 నవంబరు 1న రాష్ట్రాలు మారేదాకా గద్వాల, ఆలంపూరు తాలూకాలు రాయచూరు జిల్లాలోనివే. గద్వాల చీర అంచున మనవాళ్ళు నేసే కోటకొమ్మ ఉంది చూడండి, కోటగోడ మీద వరసగా నిలబడే ఆ కొమ్మలే అవి. అంచులో కోటను నేసే మనం అసలు కోట కథ కూడా తెలుసుకోవాలి కదా!

కృష్ణ, తుంగభద్ర నదుల నడుమ ఉన్న రాయచూరు సీమ కోసం ఎందరో రాజులు కొట్టుకున్నారు. ఇక్కడి లోపలి ప్రాకారం కాకతీయుల నాటిది. సున్నం లేకుండా పెద్ద పెద్ద చెక్కిన రాళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. పడమటి వైపు గోడలో 41 అడుగులు దాటిన ఒకే రాయి ఉంది. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. గోన గన్నయ రెడ్డి ఆజ్ఞతో విఠలనాథుడు ఆదవాని, తుంబళం, మానువ వంటి దుర్గాలు గెలిచి, రాయచూరు ప్రవేశించి ఈ కోట కట్టించాడని అందులో ఉంది.

శాసనం పక్కనే ఒక గీత బొమ్మ కనిపిస్తుంది. ఆ పొడుగాటి రాయిని నాలుగు చక్రాల బండి మీదికెక్కించి, బారులు తీరిన దున్నలతో లాగిస్తుంటారు. మనుషులు అదిలిస్తూ, చక్రాలకు సన్నెకోలలు వేస్తూ ఉంటారు. రాజుల పేర్లు అక్షరాల్లో ఉంటే, కష్టపడినవాళ్ళు బొమ్మలో ఉన్నారు. వాళ్ళ పేర్లు మాత్రం లేవు.

లోపలి గోడకు పడమట సైలానీ దర్వాజా, తూర్పున సికందరీ దర్వాజా. వెలుపలి గోడకు మక్కా, కాటీ, నౌరంగీ దర్వాజాలు ముఖ్యమైనవి. వీటన్నిటిలో ఉత్తరాన ఉన్న నౌరంగీ అందమైనది. ఒకప్పుడు దానికి రంగులు వేసి ఉండేవి కాబట్టే ఆ పేరొచ్చిందంటారు. పేరు పారశీకం, రాళ్ళ మీద చూస్తే దేవతా మూర్తులు, నర్తకులు, ఏనుగులు. విజయనగరం వాళ్ళ పనితనం అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

1520లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటను ముట్టడించి, సాయానికొచ్చిన బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించాడు. ఆ ముట్టడి సంగతి పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాసిపెట్టాడు. గోడ నుంచి ఊడదీసి తెచ్చిన ఒక్కో రాయికి దాని సైజును బట్టి 10 నుంచి 50 పణాల దాకా కూలి ఇచ్చేవారట. పైనుంచి దెబ్బలు పడుతున్నా జనం గోడ దగ్గరికి ఎగబడ్డారు. చీరకింత అని కూలి లెక్క తెలిసిన మనకు ఆ తెగింపు ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. చివరికి కోట అధిపతి నుదుట తుపాకి గుండు తగిలి చనిపోయాక లోపలివాళ్ళు లొంగిపోయారు.

రాయల తర్వాత మళ్ళీ బీజాపూరు, ఆపైన మొగలాయిలు, నిజాములు వచ్చారు. 1853 నుంచి 1860 దాకా ఇంగ్లీషువాళ్ళు ఏలారు. ఇన్ని చేతులు మారినా తెలుగు శాసనాన్ని ఎవరూ చెక్కేయలేదు.

ఆ రాతిలో మనవాళ్ళ పేరు వెతకడానికి కాదు ఈ నాలుగు మాటలు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. అది మంచిదే, అన్నం పెట్టే నేల భాష రావాలి. కానీ అమ్మమ్మ రాసిన ఉత్తరం చదవలేని పిల్లలు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఈ సంచికను కూడా వాళ్ళకు ఎవరో చదివి వినిపించాల్సిందే. తమిళనాట, ఒడిశాలో, మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళలోనూ ఇదే మాట.

కన్నడం వచ్చిన బిడ్డకు తెలుగు అక్షరాలు నేర్పడం పెద్ద కష్టం కాదు, రెండూ ఒకే పాత లిపి నుంచి పుట్టినవే. ఒక్క వేసవి సెలవులు చాలు. ప్రతి శాఖా ఈ ఏడు ఆ పని మొదలుపెట్టాలని మా మనవి. నేర్చుకున్న పిల్లల్ని రాయచూరు తీసుకెళ్దాం. ఏడు వందల ఏళ్ళ నాటి అక్షరాలు గబుక్కున చదవలేకపోవచ్చు. అయినా ఒక్కో అక్షరాన్నీ వేలు పెట్టి చూపించి, ఇది మన 'ర', ఇది మన 'గ' అని వాళ్ళే మనకు చెప్పనీయండి.