తెర మంచిదే, అక్షరమే కుదరలేదు

2010, 2011 ప్రాంతాల్లో తెనాలిలోనో రేపల్లెలోనో కొత్తగా ఆండ్రాయిడ్ ఫోను కొన్నవాళ్లలో చాలామందికి ఒక చిక్కు ఎదురయ్యేది. ఇంగ్లిషు శుభ్రంగా కనబడేది. తెలుగు పేజీ తెరిస్తే మాత్రం వరసగా ఖాళీ డబ్బాలు. డిస్‌ప్లే పోయిందనిపించడం సహజమే కానీ, ఆ తెరకు ఏ రోగమూ లేదు.

తెరకు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు మాత్రమే. ఎల్‌సీడీలో వెనక ఒక దీపం వెలుగుతుంటే ముందున్న చుక్కలు ఆ వెలుతురును ఆపుతాయి, వదులుతాయి. అమోలెడ్‌లో ఏ చుక్కకు ఆ చుక్కే వెలుగుతుంది. ఏది వెలగాలో చెప్పేది లోపలి సాఫ్ట్‌వేర్. ఇప్పటి ఫోనులో తప్పు ఎవరిదో తేల్చడానికి స్క్రీన్‌షాట్ చాలు. ఆ బొమ్మను ఇంకో ఫోనుకు పంపితే అక్కడా తేడాగానే కనబడిందా, తప్పు సాఫ్ట్‌వేర్‌ది. అక్కడ బాగానే ఉంటే తెరది.

సాఫ్ట్‌వేర్ చేసే ఈ అక్షరాల కూర్పు పనిని ఒకప్పుడు మనుషులు చేసేవారు. తెనాలి ఆ పని బాగా ఎరిగిన ఊరు. 1930ల్లో చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు ఇక్కడి నుంచే ‘యువ’ పత్రిక నడిపారు. ఆ చక్రపాణే తర్వాత నాగిరెడ్డితో కలిసి 1947లో మద్రాసులో ‘చందమామ’ తెచ్చాడు. ఆ కాలపు ప్రెస్సుల్లో కంపోజిటరు ‘కేసు’ అనే గళ్ల పెట్టె ముందు నిలబడి, అందులోంచి సీసపు అచ్చులు ఏరి, ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో చేత్తో అమర్చేవాడు. తెలుగుకు వందల అచ్చులు కావాలి. ఇంగ్లిషు కేసుకు అంత బరువు లేదు.

ఫోనులో ఆ కంపోజిటరు లేడు.

ఉండే చోటు కూడా లేదనుకోండి. 2000లో వచ్చిన నోకియా 3310 తెర అడ్డంగా 84 చుక్కలు, నిలువుగా 48. పైన గుడి, కింద ఒత్తు, వాటి కింద ఇంకో ఒత్తు ఉండే లిపికి ఆ ఎత్తు చాలా ఇరుకు. ఎస్సెమ్మెస్ లెక్క ఇంకా అన్యాయం. ఇంగ్లిషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగుకు వాడే యూనికోడ్‌లో రాస్తే 70కే అయిపోతుంది. పైగా ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌కు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. జనం ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసుకున్నారంటే అది మోజు మాత్రమే కాదు, డబ్బు లెక్క కూడా.

ఆండ్రాయిడ్ వచ్చాక తెర పెద్దదైంది, డబ్బాలు మిగిలాయి. కొందరు ఫోనును రూట్ చేసి, అంటే లోపలి తాళం తీసి, తెలుగు ఫాంటు ఎక్కించుకున్నారు. డబ్బాలు పోయేవి, కానీ ఒత్తు కిందికి దిగకుండా పక్కనే పొల్లుతో కూర్చునేది. అచ్చులు వచ్చాయి, అమర్చేవాడు రాలేదన్నమాట. దీనికి అప్పట్లో తెలిసినవాళ్లు చెప్పే చిట్కా ఒపెరా మినీ. అడ్రసు గడిలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని ఇంగ్లిషులో కొట్టి, చివరికి వెళ్లి, క్లిష్టమైన లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమనే చోట ‘ఎస్’ పెట్టి సేవ్ చేయాలి. అంతే, ఎక్కడో ఉన్న సర్వరు తెలుగును కూర్చి బొమ్మలుగా పంపేది. చాలామంది ఫోనులో మొదట చదివిన తెలుగు ఇలా బొమ్మలుగా వచ్చిందే.

కొన్ని కంపెనీలు సొంతంగా తెలుగు పెట్టుకున్నా, గూగుల్ తన ఆండ్రాయిడ్‌లోనే తెలుగును సరిగా చూపించే ఏర్పాటు చేసింది 2012లో, 4.1 జెల్లీబీన్‌తో.

ఆ ఏళ్లలోనే సిలికానాంధ్ర సంస్థ చొరవతో ఉచిత తెలుగు ఫాంట్లు వచ్చాయి. వాటిలో ఒకదాని పేరు తెనాలి రామకృష్ణ. ఇంకొకటి మండలి. అది రేపల్లెకు కృష్ణానది అవతల, అవనిగడ్డ నుంచి శాసనసభకు వెళ్లి, 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు పేరు.

ఇక తెలుగు అక్షరం ప్రపంచ వార్త అయింది 2018 ఫిబ్రవరిలో. ‘జ్ఞా’ను ఒక ప్రత్యేకమైన వరసలో, మధ్యలో కంటికి కనబడని విడదీత గుర్తుతో రాసి పంపితే ఐఫోనులో దాన్ని చూపించే యాప్ కూలిపోయేది. అదే నోటిఫికేషన్‌గా వస్తే ఫోను హోమ్ స్క్రీనే కుప్పకూలేది. మామూలుగా టైపు చేసే ‘జ్ఞా’తో ఏ ప్రమాదమూ లేదు. తప్పంతా అక్షరాలను కూర్చే కోర్‌టెక్స్ట్ అనే భాగంలో ఉంది. దేవనాగరి, బెంగాలీల్లోనూ ఇలాంటి వరసలే బయటపడ్డాయి, పేరు మాత్రం తెలుగుకే దక్కింది. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది.

తెనాలి, బాపట్ల డీటీపీ షాపులకు ఈ కథతో ఇంకా పూర్తిగా చుట్టరికం కలవలేదు. యూనికోడ్ కాని పాత తరహా ఫాంట్లలో కొట్టిన మాటను కాపీ చేసి ఫోనులో అతికిస్తే ఇంగ్లిషు గుర్తుల గందరగోళమే వస్తుంది. అందుకే అక్కడ తయారైన శుభలేఖ వాట్సాప్‌లో బొమ్మగానే తిరుగుతోంది. అందులోని ముహూర్తాన్ని అక్కడే మాట కొట్టి వెతికితే దొరకదు.