పుంసత్వపరీక్షల పుట్టుపూర్వోత్తరములు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల గోడలమీద "నరాల బలహీనత" అను ప్రకటన చదివి, ఎవరును చూడకుండ లాడ్జి గదికి పోయి, వ్యాధినిర్ణయమే లేని మందులకు సొమ్ము ధారవోయు గృహస్థులను తలచినప్పుడెల్ల నాకు మనస్తాపము కలుగును. ఏలయన, ఆ నిర్ణయమునకై వైద్యలోకము పడిన పరిశ్రమ మిక్కిలి దీర్ఘమైనది.

క్లైబ్యమునకు, అనగా పుంసత్వలోపమునకు, బీజోపఘాతము, ధ్వజభంగము, జర, శుక్రక్షయము అని నాలుగు భేదములను చరకసంహిత ఏనాడో నిరూపించినది. ఐరోపాలోనన్ననో, వివాహరద్దు వ్యాజ్యములలో వైద్యులను, మంత్రసానులను చెంతనుంచి దంపతులచేత సంగమము చేయించెడి అమానుషపరీక్ష ఫ్రాన్సున 1677 వరకు సాగెను.

సత్యమునకు దారిచూపినది నిద్ర. ఆరోగ్యవంతుడగు పురుషునకు, కలలు గను నిద్రాదశలందు, రాత్రికి మూడు నుండి అయిదు పర్యాయములు అప్రయత్నముగా స్తంభనము కలుగును. 1970లో వైద్యుడు ఇస్మెత్ కరజాన్ దీనిని రోగనిర్ణయమునకు సాధనముగా ప్రతిపాదించెను: మెలకువలో లేని స్తంభనము నిద్రలో నున్నచో లోపము చాలవరకు మనస్సుదనియు, నిద్రలోను లేకున్నచో రక్తనాళములను, నరములను, హార్మోనులను శంకింపవలెననియు దీని తాత్పర్యము. నిద్రలోని స్తంభనమును కొలుచు యంత్రము లేనిచోట ఏమి చేయవలెను? 1980లో అమెరికా వైద్యులు కొందరు తపాలాబిళ్ళల పట్టీని అంగమునకు చుట్టి పరుండబెట్టి, తెల్లవారునప్పటికది చిల్లులవెంబడి తెగినదా లేదా యని చూచు ఉపాయమును ప్రకటించిరి. ఖచ్చితత్వము కొరవడినను, పల్లెవైద్యునకు సైతము అందెడి ఈ యుక్తి నాకు మిగుల ప్రియము.

1982లో పారిస్‌నగర వైద్యుడు రోనాల్డ్ విరాగ్ అంగమునకిచ్చు పపావెరిన్ సూదిమందు స్తంభనము కలిగించునని ప్రకటించెను. మరుసటి యేడు లాస్ వేగాస్ వైద్యసభలో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జైల్స్ బ్రిండ్లీ అట్టి సూదిమందు ఫలితమును తన శరీరముననే ప్రత్యక్షముగా చూపెను. సూదిమందు పిమ్మట డాప్లర్ స్కానింగుతో అంగధమనులలోని రక్తవేగమును కొలుచు పద్ధతి 1985లో టామ్ ల్యూ మున్నగు వైద్యులచే వచ్చినది; ఆ వేగము సెకనుకు 25 సెంటీమీటర్లకు తగ్గినచో ధమనిలోపమని భావింతురు.

ఇంత యంత్రసామగ్రి సమకూడిన తరువాత, 1997లో స్తంభనశక్తిని గూర్చిన పదునైదు ప్రశ్నల పత్రమొకటి, 1999లో దాని అయిదు ప్రశ్నల సంక్షేపము వెలువడుట నాకు గొప్ప విషయముగా తోచును: రోగిని అడుగుటయే మొదటి పరీక్ష యయ్యెను. తెలుగునాట ఆ అడుగుటకు సిగ్గు విడిపించినవారిలో, పత్రికాముఖమున పాఠకుల సందేహములకు సమాధానములిచ్చిన విజయవాడ డాక్టరు గోపరాజు సమరముగారు అగ్రగణ్యులు.

అయితే అడుగుటతోనే పని ముగియదు. అంగధమనుల వ్యాసము ఒకటి రెండు మిల్లీమీటర్లు, హృదయధమనులది మూడు నాలుగు. కావున పూడిక ఇచ్చటనే ముందుగా బయటపడవచ్చును. అందుచేతనే నేటి వైద్యుడు షుగరు, కొలెస్టరాలు, ఉదయవేళ టెస్టోస్టిరోను చూచుటతో నిలువక, రక్తపుపోటు కొలిచి, గుండె సంగతియు విచారించును.