లంక ఆకు ఘాటు, సీసాలో ఎసెన్స్

కోరుకొండ ఒకప్పటి రాజధాని. 14వ శతాబ్దంలో ముమ్మడి నాయకుడు ఇక్కడి నుంచే ఏలాడు. లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్న ఆ కొండకు దక్షిణాన రాజమహేంద్రవరం, గోదావరి, నది నడుమ లంకలు. ఉత్తరాన గోకవరం దాటితే రంపచోడవరం ఏజెన్సీ. పొగాకు చరిత్ర తెలిసినవారికి ఈ రెండు దిక్కులూ రెండు రకాల రుచులు. ఒకటి ఆకులోనే పుట్టిన రుచి. రెండోది బయటి నుంచి ఆకుకు పట్టించే రుచి.

లంక పొగాకుకు ఆ ఘాటు ఇచ్చింది గోదారి వరదే. ఏటా వానాకాలంలో నది లంకలను ముంచి కొత్త ఒండ్రు పరిచి వెళుతుంది. నీరు తీశాక ఆ మట్టిలోనే నారు నాటేవారు. కోసిన ఆకును నిప్పు సెగ తగలనీయకుండా ఆరబెట్టి, తర్వాత కుప్పలుగా పేర్చి మండెలు కట్టేవారు. మండెలో ఆకు తనంతట తానే వేడెక్కుతుంది, మగ్గుతుంది. వేడి ఎక్కువైతే ఆకు మాడినట్టే, తక్కువైతే పచ్చివాసన పోదు. అందుకే మండెను విప్పి, అడుగు ఆకును పైకి, పై ఆకును అడుగుకు తిరగేస్తూ ఉండాలి. ఎప్పుడు తిరగేయాలో చెప్పేది చెయ్యీ, ముక్కూ. ఏ ఎసెన్సూ కలపకుండా ఒక పంటకు వాసన తెచ్చిన ఈ పనితనాన్ని గోదావరి జిల్లాల చరిత్ర రాసేవారు సరిగా పట్టించుకోలేదు. లంక రైతులకూ, చుట్టలు చుట్టిన కూలీలకూ అది అన్యాయం.

లంక చుట్ట పేరు చాలా దూరమే వెళ్లింది. ఇంగ్లీషువాళ్లు దీన్ని ‘లుంకా’ అన్నారు. 1890లో వచ్చిన కోనన్ డాయిల్ నవల ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదను బట్టి నేరస్తుణ్ణి ఎలా పట్టుకోవచ్చో వివరిస్తూ ఉదాహరణకు ఎంచుకున్నది ఈ లంక చుట్టనే. హంతకుడు దాన్ని తాగేవాడని తెలిస్తే వెతకాల్సిన మనుషులు తగ్గిపోతారన్నది ఆయన లెక్క. ఇక మన సాహిత్యంలో చుట్ట అనగానే ‘కన్యాశుల్కం’ గిరీశం గుర్తొస్తాడు.

అయితే చుట్ట మోసుకొచ్చిన కీడూ చిన్నది కాదు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉండేది. దాన్ని అడ్డపొగ అంటారు. 1945లోనే బొంబాయి పరిశోధకుడు వి.ఆర్. ఖనోల్కర్, సహపరిశోధకురాలు సూర్యాబాయితో కలిసి, ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న ముడిని వైద్యపత్రికలో రాశారు.

సీమ సిగరెట్టు వచ్చాక రుచి లెక్క మారిపోయింది. 1920ల్లో గుంటూరు ప్రాంతానికి వర్జీనియా పొగాకు వచ్చింది. బ్యారన్ అనే ఆరబెట్టే గదిలో గొట్టాల వేడికి కొన్ని రోజుల్లో ఆరే ఈ ఆకులో పిండిపదార్థం చక్కెరగా మారి నిలిచిపోతుంది. అందుకే దాని పొగలో ఒక తీపి ఉంటుంది. 1947లో రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసింది. కొత్త వంగడాలూ, ఆకు ఆరబెట్టే పద్ధతులూ దాని పనిలో భాగమయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో తూర్పు గోదావరి ఏజెన్సీలో బర్లీ పొగాకు పాతుకుంది.

అసలు మలుపు బర్లీ దగ్గరే ఉంది. 1864లో అమెరికాలోని ఒహాయోలో బయటపడిన ఈ రకం ఆకును వారాల తరబడి నీడలో గాలికి ఆరబెడతారు. ఆ లోపల చక్కెర దాదాపు అంతా హరించుకుపోతుంది. ఆకు గుల్లబారి, స్పంజిలా పోసిన ద్రవాన్నల్లా పీల్చుకుంటుంది. చక్కెర, అతిమధురం, కోకో కలిపిన పాకం పట్టించి అమెరికన్ కంపెనీలు దీన్ని సిగరెట్లలో వాడాయి. 1913లో వచ్చిన కేమెల్ సిగరెట్టుతో ఆ మిశ్రమం లోకమంతా పాకింది. పొలంలో, మండెలో పుట్టే రుచి ఫ్యాక్టరీ చేతికి వెళ్లింది ఇలాగే.

ఆ దారిలో ఇంకా ముందుకు పోతే ఆకు అవసరమే లేకుండా పోతుంది. 2003లో చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ ఈ-సిగరెట్టుకు రూపం ఇచ్చాడు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్, వాటిలో కొద్ది శాతం గాఢమైన ఫ్లేవరు. అంతే దాని సరుకు. విదేశాల్లో కొందరు ఈ ద్రవాన్ని ఇంట్లోనే కలుపుకోవడం మొదలుపెట్టారు. మామిడి, పుదీనా, మీగడ, పొగాకు, ఏ వాసన కావాలంటే ఆ సీసా. లంక రైతు ఒక పంటకాలమంతా కనిపెట్టుకుని తెచ్చుకున్నదాన్ని వీళ్లు కొన్ని చుక్కల్లో తెచ్చుకుంటున్నారు.

కానీ ఆ సీసాలు తిండి కోసం తయారైనవి. నాలుకకు హాని చేయనిది ఊపిరితిత్తికీ చేయదని ఎవరూ తేల్చలేదు. వెన్నకు ఆ కమ్మని వాసన ఇచ్చే డయాసిటైల్ సంగతే చూడండి. తింటే ఇబ్బంది లేదు. 2000లో అమెరికాలోని మిస్సోరీలో ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన 8 మందికి ఊపిరి గొట్టాలు మూసుకుపోయే జబ్బు వచ్చినట్టు బయటపడింది. వెన్న ఫ్లేవరు ఆవిరి పీల్చడమే అందుకు కారణమని తేలింది. హార్వర్డ్ పరిశోధకులు 2015లో 51 ఈ-సిగరెట్టు ఫ్లేవర్లను పరీక్షిస్తే వాటిలో 39లో డయాసిటైల్ కనిపించింది. 2019లో అమెరికాలో ఈ పరికరాలు వాడినవారిలో ఊపిరితిత్తుల జబ్బు చెలరేగి, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. ఎక్కువగా తప్పుబట్టినది విటమిన్ ఇ అసిటేట్‌ను. ఈ పరికరాల్లో పోసిన గంజాయి ద్రవంలో చిక్కదనానికి కలిపిన నూనె అది. చర్మానికి పూసే క్రీముల్లోనూ ఉంటుంది.

మన దేశం 2019లోనే సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్‌తో, డిసెంబర్‌లో చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రచారం అన్నింటినీ నిషేధించింది. నికోటిన్ ఉన్నా లేకున్నా, ఏ ఫ్లేవరు వేసినా ఒకటే. మొదటి నేరానికి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ పెట్టుకున్నా 6 నెలల దాకా శిక్ష ఉంది. పళ్ల వాసన సీసాలు పిల్లల చేతికి అందుతున్నాయని తెలిస్తే తల్లిదండ్రులూ టీచర్లూ ఊరుకోవద్దు.