అదృష్టమా, లెక్కా?

మా భిలాయిలో క్రికెట్ మాట వస్తే రాజేష్ చౌహాన్ పేరు రాక తప్పదు. ఈ ఆఫ్ స్పిన్నర్ 1993 నుంచి 1998 దాకా 21 టెస్టులు ఆడాడు. వాటిలో ఇండియా ఒక్కటి కూడా ఓడిపోలేదు. "అతను టీములో ఉంటే చాలు, ఓటమి లేదు" అని మా సెక్టార్లో చాలామంది నమ్మేవారు. అతను తీసింది 47 వికెట్లు, వికెట్టుకి 39కి పైగా పరుగులిచ్చాడు. ఆ టెస్టుల్లో ఎక్కువ భాగం స్వదేశంలో జరిగినవే, పైగా అవతలి ఎండ్‌లో కుంబ్లే ఉండేవాడు. ఈ మాట అంటే "నీకు దేనిమీదా నమ్మకం లేదులే" అనేవారు. నేను నవ్వుకునేవాణ్ణి.

తర్వాత నేనూ అదే తప్పు చేశాను.

2008 ఫిబ్రవరి 20న మొదటి ఐపీఎల్ వేలం జరిగింది. లక్ష్మణ్ ఐకాన్ హోదా వదులుకోవడంతో మన హైదరాబాద్ టీము డెక్కన్ చార్జర్స్ చేతిలో ఎక్కువ డబ్బు మిగిలింది. ఆండ్రూ సైమండ్స్‌ను ఏడాదికి 13.5 లక్షల డాలర్లకి, మూడేళ్ళ కాంట్రాక్టు మీద కొన్నారు. టీము మొత్తం ఖర్చు పరిమితి 50 లక్షలు. అంటే ఒక్కడికే 27 శాతం.

ఆ ఏడాది అతను 4 మ్యాచ్‌లాడి, ఆస్ట్రేలియా టీముతో వెస్టిండీస్ వెళ్ళిపోయాడు. రాజస్థాన్ మీద 117 నాటౌట్ కొట్టినా ఆ మ్యాచ్ ఓడారు. చార్జర్స్‌కి ఆఖరి స్థానం. "డబ్బు దండగ" అన్నాను. 2009లో అదే టీము కప్పు గెలిచింది. ఫైనల్లో సైమండ్స్ 33 పరుగులు చేసి 2 వికెట్లు తీశాడు. "భలే కొన్నారు" అన్నాను. పక్క క్వార్టర్ కుర్రాడు అడిగాడు: "బాబాయ్, మారింది కాంట్రాక్టా, మీరా?"

సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

కాంట్రాక్టును సంతకం పెట్టిన రోజు తెలిసిన విషయాలతో తూచాలి. ఆ రోజు సైమండ్స్‌కి 32 ఏళ్ళు, గొప్ప ఆటగాడు. కానీ దేశం పిలిస్తే వెళ్ళిపోతాడని అందరికీ తెలుసు. మూడేళ్ళలో చార్జర్స్ ఆడినవి 46 మ్యాచ్‌లు, అతను ఆడినవి 28. చేసినవి 839 పరుగులు, మ్యాచ్‌కి సుమారు 30. బౌలింగ్, ఫీల్డింగ్, జనాన్ని రప్పించే పేరు అదనం. కానీ పదకొండు మందికీ సమంగా పంచితే ఒక్కొక్కరి వాటా 9 శాతం. ఇతనికిచ్చింది దానికి మూడింతలు. అదే వేలంలో గిల్‌క్రిస్ట్‌ను 7 లక్షలకి కొన్నారు. అతను అప్పటికే రిటైర్మెంట్ ప్రకటించాడు కాబట్టి సీజనంతా దొరుకుతాడని అప్పుడే తెలుసు. 2009లో 495 పరుగులు చేసి కప్పు తెచ్చిన కెప్టెన్ అతనే.

కాబట్టి నా తీర్పు: ఆటగాడు మంచివాడు, ధర ఎక్కువ. 2009 కప్పు ఈ తీర్పుని మార్చదు, 2008 ఆఖరి స్థానం దీన్ని నిరూపించదు. ఫైనల్ గెలిచింది 6 పరుగుల తేడాతో. ఆ 6 పరుగులు అటూ ఇటూ అయి ఉంటే, మూడేళ్ళ కాంట్రాక్టు ఆ ఒక్క రాత్రిలో చెడ్డదైపోయేదా?

చార్జర్స్ 2012లో రద్దయింది. సైమండ్స్ 2022లో కారు ప్రమాదంలో పోయాడు. నాకు మాత్రం పాఠం మిగిలింది. ఫలించిన జోస్యాలే లెక్కపెట్టే జ్యోతిష్కుణ్ణి మనం వెక్కిరిస్తాం. గెలుపు చూసి నిర్ణయాన్ని మెచ్చుకునే మనం చేసేది కూడా అదే.

మా ప్లాంటులో రైలు పట్టాలు తయారవుతాయి. పట్టాను లోపలే పరీక్షించి పంపుతారు. రైలు క్షేమంగా చేరిందని తర్వాత సర్టిఫికెట్ ఇవ్వరు.