వేగుజుక్క నుంచి మన చదువరుల దాకా

గంజాం తెలుగువారి సాహిత్య చరిత్ర రాసేవారు సాధారణంగా కవుల పేర్లు, సభల తేదీలు, సన్మానాల వివరాలు ఇస్తారు. పుస్తకం ఒక చదువరి చేతిలోంచి మరొక చదువరి చేతిలోకి ఎలా వెళ్ళింది, వెళ్ళేటప్పుడు దానికి తోడుగా ఏ మాట వెళ్ళింది అన్నది ఎవరూ అంతగా పట్టించుకోరు. నేను సాహిత్య విద్యార్థిని కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అందుకే కాబోలు, నాకు కవి కంటే ముందు చందాదారు కనిపిస్తాడు.

తాపీ ధర్మారావు గారు 1887లో బరంపురంలో పుట్టారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారి దగ్గర చదువుకున్నారు. తరువాత మన కళ్ళికోట కళాశాలలో లెక్కలు చెప్పారు. 1938లో వచ్చిన ‘మాలపిల్ల’ చిత్రానికి మాటలు రాసిన ధర్మారావు గారిని తెలుగుదేశమంతా ఎరుగును. ‘దేవాలయాల మీద బూతుబొమ్మలెందుకు?’ అని పుస్తకం రాసి పెద్దల చేత చీవాట్లు తిన్న ధర్మారావు గారిని కూడా ఎరుగును. కాని బరంపురంలో స్నేహితులతో కలిసి పుస్తకాలు అచ్చువేయించిన ధర్మారావు గారు ముఖ్యంగా మనవారు, ఆ సంగతి మనలోనే చాలామందికి తెలియదు. ఆ ప్రయత్నం పేరు వేగుజుక్క గ్రంథమాల. ఆయన తొలి రచన ‘ఆంధ్రులకొక మనవి’ 1911 నాటిది. గ్రంథమాల కూడా ఇంచుమించు ఆ రోజులదే.

గ్రంథమాల అంటే ఏమిటో ఈనాటి పిల్లలకు కాస్త చెప్పాలి. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు విజ్ఞానచంద్రికా మండలిని పెట్టినప్పటి నుంచి తెలుగువారికి ఈ పద్ధతి బాగా అలవాటైంది. పాఠకులు ముందుగా చందాదారులుగా పేరు రాయించుకుంటారు. పుస్తకం వెలువడగానే వారికి తపాలాలో వస్తుంది. ఎన్ని ప్రతులు తప్పకుండా చెల్లుతాయో అచ్చువేసేవారికి ముందే ఒక అంచనా ఉంటుంది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే నిర్వహణ పెట్టుబడి పాఠకుడిది. జమీందారు దయ మీద ఆధారపడిన తెలుగు పుస్తకం గుమాస్తాల, ఉపాధ్యాయుల, వకీళ్ళ చిల్లర డబ్బుల మీదికి వచ్చింది. నా లెక్కలో ఇది ఛందస్సులో వచ్చిన మార్పుకంటే చిన్నదేమీ కాదు.

మరి చందాదారు ఎలా దొరుకుతాడు? పత్రికలో ప్రకటన చూసి కొందరు వస్తారు. మిగిలినది నోటిమాటే. డిపాజిట్లు సేకరించే మాకు ఇది అనుభవం మీద తెలిసిన విషయం. ప్రకటన చూసి కౌంటరు దగ్గరికి వచ్చేవాడు ఒకడైతే, తోడల్లుడు చెప్పాడని వచ్చేవారు పదిమంది.

వేగుజుక్కవారి మిత్రబృందంలో దేవరాజు వేంకటకృష్ణారావు గారు ఒకరు. ఆయన ‘వాడే వీడు’ తెలుగులో తొలినాటి అపరాధ పరిశోధక నవలల్లో ఒకటిగా పేరు పొందింది. ఇలాంటి పుస్తకం మన బరంపురం వైపు నుంచి వచ్చిందంటే నాకు ఇప్పటికీ సరదాగా ఉంటుంది. పరిశోధక నవలను మరొకరి చేత చదివించడం తేలికైన పని కాదు. కథ చెప్పేస్తే చదవరు, ఏమీ చెప్పకపోయినా చదవరు. మొదటి రెండు అధ్యాయాలు ఊరించి చెప్పి, పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టి, లేచి వచ్చేయాలి. పండితులు ఇలాంటి నవలలను చిన్నచూపు చూశారు. కాని పురాణం తప్ప మరొకటి ముట్టని ఇళ్ళలో వచన పుస్తకం చదివే అలవాటు చేసినది ఇవే. ఆ అలవాటు పడ్డాకనే తక్కిన పుస్తకాలకు చోటు దొరికింది.

ఇక గిడుగువారు. ఆయన ఉద్యమం గురించి అందరూ రాశారు, నేను మళ్ళీ రాయనక్కరలేదు. ఒక్క సంగతి మాత్రం నా విషయానికి కావాలి. ఆయన తన అభిప్రాయాన్ని ఊరికే అభిప్రాయంగా చెప్పలేదు. గ్రాంథికవాదులు ఆరాధించే గ్రంథాలనే ముందు పెట్టుకుని, చూడండి, పూర్వులు కూడా వాడుక మాట రాశారు, మీరు సైతం మీ గ్రాంథికాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారు అని చూపించారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను తానే నడిపారు. చదివినదాన్ని పదిమంది ముందు విప్పి వాదించడమే ఆయన పద్ధతి. ఇష్టం లేనివారు కూడా ఆ పుస్తకాలు మళ్ళీ తిరగేయవలసి వచ్చింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం, పర్లాకిమిడి ఇటు వచ్చాయి. ఇచ్ఛాపురం అటు మద్రాసులో ఉండిపోయింది. సగం ఆయుష్షు పైగా పర్లాకిమిడిలో గడిపిన రామమూర్తి పంతులు గారు అక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940లో కన్నుమూశారు. వెళ్ళగలిగినవారు వెళ్ళారు. మన తాతలు ఇక్కడే ఉన్నారు. మా గిరిసోల పేరు చెబితే బయటివారికి లారీలు, చెక్‌గేటు గుర్తొస్తాయి. సరిహద్దు దాటితే ఇచ్ఛాపురం. పుస్తకానికి అది దూరమేమీ కాదు. ‘భారతి’ 1991లో ఆగిపోయేదాకా తపాలాలో సరిహద్దు దాటి వస్తూనే ఉండేది. ఒక ప్రతి నాలుగిళ్ళు తిరిగి, అట్ట ఊడి, ఎవరి ఇంట్లోనో స్థిరపడేది. అసలు అడ్డంకి రోడ్డు మీద రాలేదు, బడిలో వచ్చింది. మన పిల్లల్లో ఎక్కువమంది ఒడియాలో, ఇంగ్లీషులో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం రాదు.

ఇదీ ఇప్పటి మన సమస్య. మంచి పుస్తకం ఉందని చెబితే, ‘బాగుంటుంది కాబోలు మావయ్యా, నాకు చదవడం రాదు, మీరే చెప్పండి’ అనే జవాబు వస్తుంది. అటువంటివాడికి పుస్తకం పేరు చెప్పి ఊరుకుంటే ఏం లాభం? అందుకే మా చదువరుల కూడికలో పైకి చదవడం మొదలుపెట్టాం. ఏడెనిమిది మందిమి. ఒకరు చదువుతారు, తక్కినవారు వింటారు, తరువాత వాదన.

‘కన్యాశుల్కం’ చదివినప్పుడు ఒక విచిత్రం జరిగింది. తెలుగు అక్షరం రాని కుర్రవాడు అందరికంటే ముందు నవ్వాడు. అసిరిగాడి మాట మా అమ్మమ్మ మాటలా ఉంది అన్నాడు. తెలుగు ఎం.ఏ. చదివిన మాస్టారు ఒకరు దానికి అర్థం చెప్పబోయి మానుకున్నారు. గిరీశం ఆకర్షణ ఎక్కడుందని పెద్ద చర్చ నడిచింది. పూటకూళ్ళమ్మ డబ్బు తిని పారిపోయిన గిరీశం నా దృష్టిలో మొట్టమొదట ఒక మొండి బకాయి. ఆ మాటే అన్నాను, ఎవరూ ఒప్పుకోలేదు. అలాగే పురిపండా అప్పలస్వామి గారు తెలుగు చేసిన గోపీనాథ మహంతి ‘అమృతసంతానం’ చదివినప్పుడు, మూలం ఒడియాలో చదివిన పిల్లలు మాకు పాఠం చెప్పారు. ఫలానా చోట తెలుగులో రుచి తగ్గిందని, ఫలానా చోట సరిగ్గా కుదిరిందని వాళ్ళు చెబుతుంటే మేం రాసుకున్నాం.

ఆ రాసుకోవడం దగ్గరే తగువు వచ్చింది. మాకు ఒక పుస్తకం ఉంది, బ్యాంకు లెడ్జరు వంటిదే. ఏ పుస్తకం, ఎవరు చెప్పగా, ఎవరు తీసుకున్నారు, ఏమన్నారు అని నాలుగు గడులు. ఆ కుర్రవాడు తన అభిప్రాయాన్ని తెలుగు మాటల్లోనే, ఒడియా అక్షరాలతో రాశాడు. మాస్టారికి కోపం వచ్చింది. ఇవాళ దీన్ని ఒప్పుకుంటే రేపు తెలుగు లిపి మన వీధిలో ఉండదు అన్నారు. ఆయన భయం అబద్ధమని నేననను. లిపి పోయిన ఇంట్లో పాత పుస్తకాలు ఏమవుతాయో మనం చూస్తూనే ఉన్నాం. తూకానికి వెళతాయి.

కాని చరిత్రలో ఇంకొక సంగతి కూడా ఉంది. గిడుగువారు సవరలకు వాచకాలు తయారు చేసినప్పుడు, వారి భాషకు లిపి లేకపోతే తెలుగు అక్షరాలతోనే రాశారు. ముందు వారి మాట కాగితం మీదికి రావాలి అనుకున్నారు. సవరలకు తమ సొంత లిపి 1936లో, మంగేయి గొమాంగో చేతి మీదుగా వచ్చింది. మన పక్క ఊరి పంతులు గారు సవరల కోసం చేసినది, మన పిల్లవాడు తన కోసం చేసుకుంటే తప్పేమిటి? ఇది మాస్టారితో అన్నాను. సవరలకు లిపి లేదు, మనకు ఉంది, రెండూ ఒకటి కావు అన్నారు. ఆ మాట కూడా నిజమే.

చివరికి ఇద్దరూ కొంత దిగివచ్చారు. కుర్రవాడు అభిప్రాయం ఒడియా అక్షరాలతో రాస్తాడు, పుస్తకం పేరు, రచయిత పేరు మాత్రం తెలుగులో రాయాలి. అవి నేర్పే బాధ్యత మాస్టారిది. ఇప్పటికి పదకొండు పేర్లు రాశాడు. ‘క్ష’ దగ్గర ఆగిపోతున్నాడు.