కారాపురం మావటి బిడ్డ: హాలీవుడ్ సాబు చరిత్ర

ఉగాది సంచికలో ఒక హాలీవుడ్ నటుని కథ యెందుకని పాఠకులు కొందరు అడగవచ్చు. మన కవులున్నారు, మన గాయకులున్నారు, వారిని గురించి వ్రాయవలసింది యెంతో వుంది గదా అనవచ్చు. నిజమే. ఐనా మైసూరు సీమలో తరతరాలుగా కాపురం వుంటున్న మనకు ఈ కథ పరాయిది కాదు. మైసూరుకు నైరుతి దిక్కున, హెగ్గడదేవనకోట తాలూకాలో, మనం కపిల అని పిలిచే కబిని నది ప్రక్కన కారాపురమనే పల్లె వుంది. అక్కడ పుట్టిన ఒక మావటివాని కొడుకు పదమూడేళ్లకు లోకమంతా యెరిగిన నటుడయ్యాడు. ముప్పైతొమ్మిదేళ్లకు అమెరికాలో కన్నుమూశాడు. పుట్టినచోటు విడిచి పొరుగునేలమీద బ్రతుకు కట్టుకొన్నవారికి ఆ నడిమి ఇరవైయారేళ్ల చరిత్రలో ఆలోచించుకోవలసింది చాలా వుంది. అందుకనే దీనిని ఎన్నుకొన్నాము.

తెరమీద అతని పేరు సాబు. ఇంటిపేరు లేదు, బిరుదులు లేవు, ఆ రెండక్షరాలే. 1924 జనవరి 27వ తేదీన ఒక ముసల్మాను మావటి కుటుంబంలో పుట్టాడు. తండ్రి మైసూరు మహారాజావారి ఏనుగుల కొలువులో వుండేవాడు. పసితనంలోనే తల్లి పోయింది. కొన్నేళ్లకు తండ్రి కూడా పోయాడు. వైణికుని బిడ్డకు వీణ మిగులుతుంది, పండితుని బిడ్డకు తాళపత్రాలు మిగులుతాయి. మావటి బిడ్డకు మిగిలింది గజశాల. మేత వేయడం, ఏరులో కడగడం, చెవుల వెనుక కాళ్లుంచి కొండంత జంతువును నడిపించడం, ఇదే అతని బడి.

ఆ రోజులలో కాకనకోట అడవులలో ఖెడ్డాలు జరిగేవి. అడవి ఏనుగుల మందను తరుముకొని వచ్చి, నది దాటించి, దుంగల కోటలోకి తోలి పట్టే ఆ వేడుకను చూడడానికి వైస్రాయిలు, విదేశపు రాజవంశీయులు వచ్చేవారు. వారు గద్దెలమీద కూర్చుని చూసేవారు. క్రింద ప్రాణాలు పణంగా పెట్టి పనిచేసేవారు సాబు తండ్రివంటి మావట్లు.

1935లో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికన్ దర్శకుడు మైసూరు వచ్చాడు. ఉత్తర ధ్రువప్రాంతపు ఎస్కిమోల జీవితాన్ని 1922లో 'నానూక్ ఆఫ్ ది నార్త్' అనే చిత్రంగా తీసి కీర్తి పొందినవాడు. లండన్‌లో స్టూడియో నడుపుతున్న అలెగ్జాండర్ కోర్డా, రడ్యర్డ్ కిప్లింగ్ వ్రాసిన తూమై అనే మావటి పిల్లవాని కథను చిత్రంగా తీయమని అతనిని పంపాడు. తూమై వేషానికి ఒక పిల్లవాడు కావాలి. అనేకమందిని చూశారు. చివరకు గజశాలలో దొరికాడు పదకొండేళ్ల సాబు.

ఫ్లాహర్టీ నిదానస్థుడు. అడవి, నది, మబ్బు తాను కోరినట్టు కుదిరేదాకా కెమెరా త్రిప్పేవాడు కాడు. నెలలు గడిచాయి, ఫిలిం గుట్టలు పడింది గాని కథ కుదరలేదు. లండన్‌లో డబ్బు పెట్టినవారికి ఓపిక నశించింది. కోర్డా తన తమ్ముడు జోల్టన్‌ను రంగంలోకి దింపాడు. మిగిలిన కథాభాగం ఇంగ్లండులోని డెన్‌హామ్ స్టూడియోలో పూర్తయింది. అందుకోసమని 1936లో సాబు అన్నతో కలిసి ఓడ యెక్కాడు. ఆ అడవి కుర్రవానికి ఇంగ్లీషు నేర్పారు, బడిలో వేశారు. 1937లో 'ఎలిఫెంట్ బాయ్' విడుదలైంది. వెనిస్ చలనచిత్రోత్సవంలో దర్శకత్వ బహుమానం ఫ్లాహర్టీకి, జోల్టన్ కోర్డాకు కలిపి ఇచ్చారు. ప్రజలు మాత్రం మెచ్చుకొన్నది ఆ కుర్రవానిని.

కారణం చెప్పడం కష్టం కాదు. అతడు నటించలేదు. ఏనుగు తొండంమీద కాలుపెట్టి పైకెక్కడం, దానితో గుసగుసలాడడం, నవ్వడం, అన్నీ తన ఇంట్లో చేసుకొనే పనులే. స్టూడియో దీపాల క్రింద పెరిగిన పిల్లలలో ఆ సహజత్వం దొరకదు. ఐతే ఒక్క మాట. మొదటి చూపులో లోకం మనలను ఏ వేషంలో చూసి మెచ్చుకొంటుందో, ఆ వేషం తరువాత విప్పనివ్వదు. సాబు భాగ్యమూ అదే, దౌర్భాగ్యమూ అదే.

రెండవ చిత్రం 'ది డ్రమ్', 1938లో వచ్చింది. వాయవ్య సరిహద్దు ప్రాంతంలో ఆంగ్లేయులకు సాయపడే ఒక చిన్నరాజు వేషం. రంగుల చిత్రం. లండన్‌లో బాగా ఆడింది. మన దేశంలో మాత్రం, సామ్రాజ్యాన్ని పొగిడి భారతీయులను కించపరచే చిత్రమని బొంబాయిలోనూ, మద్రాసులోనూ నిరసనలు చెలరేగాయి. దానిని ప్రదర్శన నుండి తొలగించవలసివచ్చింది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. కాని పదునాలుగేళ్ల అనాథ బాలునికి ఆ రాజకీయాలతో పనేమిటి? కథ వ్రాసినవారు వేరు, డబ్బు పెట్టినవారు వేరు, తెరమీద కనిపించిన ముఖం మాత్రం అతనిది. ఒక దేశపు ముద్దుబిడ్డడై మరొక దేశానికి అనుమానాస్పదుడు కావడం అతనికి అంత చిన్నతనంలోనే ఎదురైంది.

మూడవ చిత్రం అతని కీర్తికి శిఖరం. 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' ఇంగ్లండులో తీస్తూ వుండగా 1939లో యుద్ధం వచ్చింది. స్టూడియో సరంజామాతో సహా కోర్డా అమెరికా చేరి అక్కడ పూర్తిచేశాడు. అట్లా సాబు హాలీవుడ్ చేరాడు. 1940లో విడుదలైన ఆ చిత్రంలో రాజకుమారుడు ఒకడున్నాడు, రాజకుమారి వుంది, దుష్టమంత్రి వున్నాడు. ఐనా కథను నడిపించేది అబూ అనే చిల్లర దొంగ. సీసాలో బందీగా వున్న భూతాన్ని మాటలతో బోల్తా కొట్టించి మళ్లీ సీసాలో దూర్చే ఆ ఘట్టం చూసినవారు మరవలేరు. ఛాయాగ్రహణానికి, కళాదర్శకత్వానికి, తంత్రదృశ్యాలకు మూడు ఆస్కార్ బహుమానాలు వచ్చాయి. బాగ్దాద్ దొంగ పేరుమీద మద్రాసు స్టూడియోలలో 1960లో తమిళ చిత్రం, 1968లో రామారావుగారి తెలుగు చిత్రం 'బాగ్దాద్ గజదొంగ' వచ్చిన సంగతి మనవారికి తెలిసినదే. మన ప్రేక్షకులు ఇటువంటి దొంగను ఎప్పుడూ ముద్దుచేసినవారే.

1942లో జోల్టన్ కోర్డా తీసిన 'జంగిల్ బుక్'లో సాబు మౌగ్లీ. అప్పటికి పద్దెనిమిదేళ్లవాడు. ఇక్కడిదాకా మెట్లు పైకే వెళ్లాయి. తరువాతి మెట్టునుండి దారి మారింది.

ఆ యేటనే యూనివర్సల్ కంపెనీ అతనిని కాంట్రాక్టుపై తీసుకొన్నది. 'అరేబియన్ నైట్స్', 'వైట్ సావేజ్', 'కోబ్రా వుమన్' అని వరుసగా 1942, 1943, 1944లలో చిత్రాలు వచ్చాయి. పెద్ద పెద్ద సెట్టింగులు, కళ్లు మిరుమిట్లు గొలిపే రంగులు. బాక్సాఫీసు దగ్గర వీటికి లోటు లేదు. ఐతే నాయిక మరియా మాంటెజ్, నాయకుడు జాన్ హాల్. మన సాబు వారిద్దరినీ కలిపే చెలికాడు. నాటకాలలో నర్మసచివుని స్థానం. రెండేళ్ల క్రితం చిత్రాన్ని భుజాలమీద మోసినవాడు ఇప్పుడు మరొకరి ప్రేమకథకు కబురు మోశాడు. బయటివారికిది పతనంగా కనిపించలేదు. జీతం వస్తూనే వుంది, పత్రికలలో బొమ్మలు పడుతూనే వున్నాయి. నట జీవితంలో నిజమైన దెబ్బలు తరచు ఇట్లా చప్పుడు లేకుండానే తగులుతాయి.

1944లో సాబు అమెరికా పౌరసత్వం స్వీకరించి వైమానిక దళంలో చేరాడు. స్టూడియోలో కూర్చుని యుద్ధప్రచారం చేసే సౌకర్యం తారలెందరికో దొరికింది. ఇతడు బి-24 లిబరేటర్ బాంబర్ విమానంలో మరతుపాకి పట్టి పసిఫిక్ రంగంలో పోరాడాడు. పరాక్రమానికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం వచ్చింది. తెరమీద అతడు ఎప్పుడూ పిల్లవాడే గాని, ఆకాశంలో పూర్తిగా పురుషుడు. ఈ సంగతి స్టూడియోలవారి లెక్కలోకి రాలేదు.

యుద్ధం ముగిసి వచ్చేసరికి వయస్సు ఇరవై దాటింది. 1947లో ఇంగ్లండులో పవెల్, ప్రెస్‌బర్గర్ తీసిన 'బ్లాక్ నార్సిసస్'లో మంచి వేషం దొరికింది. హిమాలయాలలోని క్రైస్తవ సన్యాసినుల మఠానికి చదువు నేర్చుకోవడానికి వచ్చే షోకిలా యువ జనరల్ పాత్ర. అతడు పూసుకొనే అత్తరు పేరే చిత్రానికి పేరు. ఆ హిమాలయాలు ఇంగ్లండులో వేసిన పటాలూ, సెట్టింగులూ కాగా, అతని సరసన భారతీయ బాలికగా నటించిన జీన్ సిమ్మన్స్ ముఖానికి రంగు పూసుకొన్న ఆంగ్ల యువతి. ఆ చిత్రంలో అసలు సిసలు భారతీయ ముఖాలలో ముఖ్యమైనది మన కారాపురం కుర్రవానిదే. ఆ యేటనే బ్రెజిల్‌లో తీసిన 'ది ఎండ్ ఆఫ్ ది రివర్'లో నాయకపాత్ర వేశాడు గాని ఆ చిత్రం ఆడలేదు. 1948లో 'మాన్ ఈటర్ ఆఫ్ కుమావూన్', 1949లో 'సాంగ్ ఆఫ్ ఇండియా'. మళ్లీ అడవి, మళ్లీ పులి, మళ్లీ తలపాగా.

సాబుకు వేషాలు యెందుకు తగ్గాయి? భారతీయ పాత్రలు లేక అని కొందరనుకొంటారు. మేము ఒప్పుకొనము. 1955లో హాలీవుడ్ 'ది రెయిన్స్ ఆఫ్ రాంచీపూర్' అనే పెద్ద చిత్రం తీసింది. అందులో నాయకుడు ఒక భారతీయ వైద్యుడు. తెల్ల దొరసాని అతనిని ప్రేమిస్తుంది. ఆ వేషం వేసినవాడు వేల్స్ దేశస్థుడైన రిచర్డ్ బర్టన్, ముఖానికి రంగు పూసుకొని. అంటే, భారతీయుడు నాయకుడు కావచ్చును, ప్రేమించవచ్చును, చదువుకొన్నవాడు కావచ్చును, వేసేవాడు మాత్రం భారతీయుడు కాకూడదు. ఆ చిత్రం వచ్చేనాటికి సాబుకు ముప్పైయొక్కేళ్లు. అతనికి దొరుకుతున్నవి 'జంగిల్ హెల్', 'జాగ్వార్' వంటి చౌకబారు అడవి చిత్రాలు. ఇంగ్లండులో సర్కసులో ఏనుగులతో ప్రదర్శనలిచ్చాడు. 1952లో ఇటలీలో విట్టోరియో డి సికాతో ఒక చిత్రం చేశాడు. ఒక పేద పంతులుకు ఏనుగును బహూకరించే రాజకుమారుని వేషం. ఎక్కడికి పోయినా ఏనుగు వెంట వచ్చింది.

ఈ కథలో మా మనస్సును ఎక్కువగా కలచినది మరొక ఘట్టం. బొంబాయిలో మెహబూబ్ ఖాన్ 'మదర్ ఇండియా' తలపెట్టినప్పుడు, తిరుగుబాటు కొడుకు బిర్జూ పాత్రకు మొదట ఎంచుకొన్నది సాబునే. అది పిల్లవాని వేషం కాదు, కబురు మోసే వేషం కాదు. కోపం, ప్రేమ, పగ, చావు అన్నీ వున్న పాత్ర. పైగా స్వదేశం. కాని అతడిప్పుడు అమెరికా పౌరుడు, ఇక్కడ పనిచేయడానికి అనుమతి కావాలి. ఆ అనుమతి దొరకలేదు. వేషం సునీల్ దత్‌కు వెళ్లింది. 1957లో విడుదలైన ఆ చిత్రం ఆస్కార్ విదేశీ చిత్రాల బహుమానపు తుది పోటీలో నిలిచిన మొదటి భారతీయ చిత్రమైంది. అదే యేట సాబు 'సాబు అండ్ ది మ్యాజిక్ రింగ్' అనే చిన్న చిత్రంలో కనిపించాడు. అక్కడ భారతీయుడని నాయకవేషం ఇవ్వలేదు. ఇక్కడ అమెరికావాడని అనుమతి ఇవ్వలేదు. తప్పు ఎవరిదని వాదించడానికి కూర్చోలేదు మేము. చట్టానికి చట్టపు న్యాయం వుంటుంది. ఐనా రెండు వాకిళ్ల నడుమ నిలబడినవాని దుఃఖం ఏ చట్టంలోనూ వ్రాసివుండదు.

1960లో హాలీవుడ్ వీధి కాలిబాటమీద తారల పేర్లు చెక్కినప్పుడు సాబు పేరు కూడా చెక్కారు. ఆ సంవత్సరమే, తనతో ఓడ యెక్కి వచ్చిన అన్న హత్యకు గురయ్యాడు. తరువాత రెండు చిత్రాలు వచ్చాయి. 1963లో 'రాంపేజ్', ఆపైన డిస్నీ కంపెనీవారి 'ఎ టైగర్ వాక్స్'. రెండవది విడుదలయ్యేదాకా అతడు లేడు. 1963 డిసెంబరు 2వ తేదీన కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్‌లో గుండెపోటుతో మరణించాడు. భార్య, ఇద్దరు పిల్లలు మిగిలారు. అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగి అప్పటికి పది రోజులే.

అతని జీవితాన్ని ఓటమి అని మేము అనము. పెద్ద చదువు లేని అనాథ బాలుడు మూడు ఖండాలలో తన పనితో అన్నం తిన్నాడు, కొత్త దేశానికి ప్రాణమొడ్డి ఋణం తీర్చుకొన్నాడు, ఇల్లు నిలుపుకొన్నాడు. ఓడినది అతడు కాదు. పెరిగిన మనిషిని చూడలేకపోయిన కళ్లు ఓడిపోయాయి.

మనవారిలోనూ ఈ అనుభవం తెలియనివారుండరు. తాతల నాడు ఏ వృత్తితో ఈ గడ్డమీద అడుగుపెట్టామో, మూడు తరాలైనా కొందరి నోట ఆ పేరే. సెలవులకు స్వగ్రామం వెళితే అక్కడివారు మన మాట తీరు విని 'మీది ఏ వూరు?' అంటారు. రెండు చోట్లా మర్యాదకు లోటు లేదు. ఐనా ఆ ప్రశ్న గుచ్చుకొంటుంది. దీనికి పరుల మీద కోపం మందు కాదు. మన యింటి పిల్లలనైనా, మన యిరుగుపొరుగుకు కొత్తగా వచ్చినవారినైనా, మొదట చూసిన వేషంలోనే కట్టిపడవేయకుండా, ఏటేటా కొత్తగా చూడడం మన చేతిలోని పని. కొత్త సంవత్సరం నాడు ఇంతకు మించిన సంకల్పం మాకు తోచలేదు.

1971లో కడపటి ఖెడ్డా జరిగింది. 1974లో కబినికి ఆనకట్ట వచ్చి, ఆ కాకనకోట ఖెడ్డా అడవిలో చాలా భాగం నీట మునిగింది. వేసవిలో నీరు తీసినప్పుడు ఆ మైదానంలో అడవి ఏనుగులు గుంపులు గుంపులుగా వచ్చి మేస్తాయి. మైసూరునుండి ఒక్కపూట ప్రయాణం. ఈ వేసవి సెలవులలో పిల్లలను తీసుకొని వెళ్లే పెద్దలు, ఏనుగులను చూపిన తరువాత సాబు పేరు కూడా ఒకసారి చెప్పవలసిందిగా కోరుతున్నాము.