స్వామీజీ... ఫిజిక్స్ మాస్టారు!

ప్రాగ్ నగరం. 1930ల నడుమ. చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే ప్రయోగశాల.

పంపు గురగురలాడుతోంది. గాజు గొట్టంలోంచి గాలి బయటికి పోతోంది. మొత్తం పోవాలి. కాస్త మిగిలినా ఎలక్ట్రాన్లు గాలి అణువుల్ని ఢీకొట్టి దారి తప్పుతాయి. ఎక్కడైనా వెంట్రుకవాసి సందుందా? పడ్డ పాటంతా గల్లంతే! బల్ల దగ్గర మనిషి మాత్రం కదలడు, బెదరడు. ఓపిగ్గా కూర్చోవడం ఆయనకి కొత్త కాదు. ఆయన సన్యాసి.

రాజోలు దగ్గర వశిష్ఠ దాటి, పాలకొల్లు మీదుగా భీమవరం వైపు పోతే గొరగనమూడి. 1896లో ఆ ఊళ్లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు కుర్రతనంలోనే ఇల్లు విడిచాడు. హిమాలయాల చలిలో ఏళ్లకేళ్లు తపస్సు. పేరు మారింది, స్వామి జ్ఞానానంద. 1927లో జర్మనీ చేరారు. యోగం గురించి ఉపన్యాసాలిచ్చారు. అంతలో డ్రెస్డెన్‌లో ఓ విచిత్రం జరిగింది. నలుగురికీ బోధించే స్వామీజీ గణితం, ఫిజిక్స్ నేర్చుకోవడానికి తానే విద్యార్థుల బెంచీ ఎక్కారు!

అక్కణ్ణుంచి ప్రాగ్ ప్రయోగశాలకి చేరారు. ఫొటో ప్లేటు కడిగారు. వర్ణపటం గీతలు తేలాయి. 1936లో డాక్టరేట్ చేతికొచ్చింది. నలభయ్యో ఏడు. ఇక ఊరికి తిరుగు ప్రయాణమేనా?

కాదు. న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గరికి లివర్‌పూల్ వెళ్లి, బీటా కిరణాల వెంటపడి, ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక అట్లాంటిక్ దాటి అమెరికాలోని మిషిగన్‌లో అదే పని సాగించి, ప్రాగ్‌లో తనని అంత సతాయించిన ఆ శూన్యం మీదే ‘హై వాక్యువా’ అనే పుస్తకం రాసి, అది అచ్చయిన 1947లోనే స్వదేశానికొచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు. అక్కడితో ఆగారా?

విశాఖపట్నం. 1950ల నడుమ. ఉప్పుగాలి. ఒంటికి అతుక్కునే ఉక్క. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కి పునాది పడాలి. పరికరాలు కావాలి. వాటిని వాడే చేతులు కావాలి. పుస్తకంలో సూత్రం చదివితే సరిపోదు. పంపు బిగించడం రావాలి, లీకు పట్టుకోవడం రావాలి. ఆ విద్య నేర్పే బాధ్యత అరవైకి చేరువవుతున్న స్వామీజీ నెత్తికెత్తుకున్నారు.

ప్రయోగశాల నిలబడింది. శిష్యులు తయారయ్యారు. 1969లో ఆయన కన్నుమూశారు. ఆ అణు పరిశోధనశాలకి ఆయన పేరే పెట్టారు. బీటా కిరణాల లెక్క తేల్చడానికి గోదావరి కుర్రాడు లివర్‌పూల్ దాకా వెళ్లక్కర్లేదు. విశాఖ రైలెక్కితే చాలు!